పిక్క మీద నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి.. మర్దనతో తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. విజయవాడలో ఒక చీరల దుకాణంలో పనిచేస్తున్నాను. రోజంతా నిలబడే ఉండాలి. రెండో కాన్పు తర్వాత ఎడమ పిక్క మీద నరాలు నీలంగా, మెలికలు తిరిగి పైకి తేలాయి. సాయంత్రానికి కాళ్లు బరువెక్కి, చీలమండల దగ్గర వాపు వస్తోంది. రక్తం చెడిపోయిందని, నువ్వుల నూనెతో గట్టిగా మర్దన చేయమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. మావారి చేతుల మీద కూడా నరాలు బాగా కనిపిస్తాయి. రెండూ ఒకటేనా? బీపీకి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. ఆపరేషన్ లేకుండా సహజంగా తగ్గించుకునే మార్గం చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందుగా మీవారి సంగతి చెబుతాను. చర్మం కింద కొవ్వు తక్కువగా ఉన్నవారిలో, శరీర శ్రమ చేసేవారిలో, వయసుతో చర్మం పలచబడినవారిలో చేతుల మీది సిరలు (మీరు నరాలన్నవి ఇవే, రక్తాన్ని గుండెకు చేర్చే నాళాలు) స్పష్టంగా కనిపిస్తాయి. ఎండాకాలంలో మరికాస్త ఉబ్బుతాయి. చెయ్యి పైకెత్తగానే అవి అణిగిపోతుంటే, నొప్పీ వాపూ లేకపోతే, దాని గురించి ఆందోళన అక్కర్లేదు.

మీ విషయం వేరు. స్వయంగా పరీక్షించకుండా నిర్ధారించలేను గానీ, మీరు రాసిన లక్షణాలన్నీ వెరికోస్ వెయిన్స్‌నే, అంటే కాళ్ల సిరలు ఉబ్బి మెలికలు తిరిగే సమస్యనే సూచిస్తున్నాయి. రక్తం చెడిపోవడం వల్ల వచ్చే సమస్య కాదిది. సిరల్లోని రక్తం కూడా ముదురు ఎరుపే. చర్మం గుండా చూసినప్పుడు మాత్రమే నీలంగా కనిపిస్తుంది. కాళ్ల నుంచి రక్తం గురుత్వాకర్షణకు ఎదురుగా గుండెకు చేరాలి కాబట్టి, అది కిందికి జారకుండా సిరల లోపల ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాంటి చిన్న కవాటాలు ఉంటాయి. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగుసుకుని లోతైన సిరలను నొక్కి రక్తాన్ని పైకి నెడుతుంది. కదలకుండా నిలబడినప్పుడు పాదం దగ్గరి సిరల్లో పీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది. కవాటాలు బాగున్నవారు పది అడుగులు నడిస్తే అది 30 దరిదాపులకు పడిపోతుంది. కవాటాలు సరిగా మూసుకోనివారిలో అంతగా పడదు. ఆ ఒత్తిడికే పైపై సిరలు సాగి, మెలికలు తిరుగుతాయి. గర్భిణిగా ఉన్నప్పుడు రక్త పరిమాణం పెరగడం, హార్మోన్ల ప్రభావంతో సిరల గోడలు వదులు కావడం, గర్భాశయం పొత్తికడుపులోని పెద్ద సిరలను నొక్కడం వల్ల చాలామందిలో ఈ సమస్య మొదలవుతుంది. అమ్మకో నాన్నకో ఉంటే వచ్చే అవకాశం మరింత ఎక్కువ.

అందుకే సహజమైన మార్గం ఏదని అడిగితే, నూనె కంటే, కషాయాల కంటే ముందు నేను చెప్పేది పిక్కకు పని పెట్టమనే. కౌంటర్ వెనక నిలబడే, బల్ల అంచు పట్టుకుని, మడమలు నెమ్మదిగా పైకెత్తి మునివేళ్ల మీద నిలిచి, మళ్లీ దించండి. అరగంటకోసారి పదిహేను సార్లు చేస్తే చాలు. చీర మడత పెడుతూ కూడా చేయవచ్చు. రోజూ అరగంట నడవండి. భోజన విరామంలోనూ, ఇంటికి వెళ్లాకా వెల్లకిలా పడుకుని, కాళ్లు గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్ల మీద పావుగంట పెట్టుకోండి. రాత్రిపూట మంచానికి కాళ్లవైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టుకోవచ్చు. అయితే గుండె జబ్బు, పడుకుంటే ఆయాసం ఉన్నవారు ఆ పని చేయకూడదు.

దుకాణంలో ఒక స్టూలు అడగండి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలను సవరించాయి. బేరం లేని సమయంలో అమ్మకందారు కూర్చుంటే యజమానికి నష్టమేమీ లేదు. ఏళ్ల తరబడి నిలబెడితే పోయేది ఆ మనిషి కాళ్లే.

నూనె మర్దన విషయానికొస్తే, చీలమండ నుంచి మోకాలివైపు అరచేతితో తేలికగా రాసుకుంటే హాయిగా ఉంటుంది, తప్పులేదు. ఉబ్బిన సిర మీద గట్టిగా నొక్కి పిసకడం మాత్రం వద్దు. ఆ సిర తాడులా గట్టిపడి, ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే అందులో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు మర్దన పూర్తిగా మానేసి వైద్యుణ్ని కలవండి. బీట్‌రూట్, వెల్లుల్లి తినడం వల్ల పాడైన కవాటాలు బాగుపడవు. బరువు అదుపులో ఉంచుకోవడం, ముక్కాల్సిన అవసరం రాకుండా ఆకుకూరలు, రాగి, జొన్న వంటి పీచు పదార్థాలు తినడం మేలు. కాలు మీద కాలు వేసుకుంటే ఈ జబ్బు వస్తుందనే మాటకు గట్టి ఆధారం లేదు.

కంప్రెషన్ స్టాకింగ్స్ (కాలిని బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు) కాళ్లు బరువెక్కడాన్ని, వాపును బాగా తగ్గిస్తాయి. వాపు లేని ఉదయం వేళ చీలమండ, పిక్క చుట్టుకొలత తీసుకుని, మోకాలి వరకు ఉండేవి కొనుక్కుని, మంచం దిగకముందే తొడుక్కోవాలి. బెజవాడ ఎండల్లో కష్టమే. కనీసం దుకాణంలో ఉన్నంతసేపైనా వేసుకోండి. మధుమేహం ఉన్నవారు, పొగతాగేవారు మాత్రం కాలి ధమనుల్లో రక్తప్రసరణ పరీక్షించుకోకుండా వీటిని వాడకూడదు.

మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. ఆమ్లోడిపిన్ అయితే దానివల్ల కూడా చీలమండలు వాయవచ్చు. మాత్ర సొంతంగా ఆపేయకుండా, వాపు సంగతి మీ వైద్యుడికి చెప్పండి.

ఈ జాగ్రత్తలు కాళ్లు బరువెక్కడాన్ని, వాపును తగ్గిస్తాయి గానీ, ఇప్పటికే సాగిన సిరను మాయం చేయవు. కాబట్టి ఒకసారి వాస్క్యులర్ సర్జన్‌ను (రక్తనాళాల శస్త్రచికిత్స నిపుణుణ్ని) కలిసి, నిలబెట్టి చేసే డాప్లర్ స్కాన్ చేయించుకోండి. సూది ఉండదు, నొప్పి ఉండదు. ఏ కవాటం దగ్గర రక్తం వెనక్కి జారుతోందో అందులో తెలుస్తుంది. అవసరమైతే లేజర్ లేదా రేడియో ఫ్రీక్వెన్సీతో ఆ సిరను మూసేస్తారు. చాలామంది అదే రోజు నడిచి ఇంటికి వెళతారు. కాలిలోని రక్తంలో సుమారు 90 శాతం లోపలి సిరల ద్వారానే వెళుతుంది కాబట్టి పైసిర మూసినందువల్ల ప్రసరణకు లోటు రాదు.

చీలమండ లోపలివైపు చర్మం నల్లబడినా, దురదపెట్టినా, పుండు పడినా ఇక ఆలస్యం చేయకండి. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దానికి ఆయాసమో ఛాతీనొప్పో తోడైతే 108కి ఫోన్ చేయండి. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే భయపడి నిలబడిపోవద్దు. వెంటనే పడుకుని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కిపట్టి, ఆగినా ఆగకపోయినా ఆసుపత్రికి వెళ్లండి.