ముట్టుకున్నాక ఆ మాట ఎందుకన్నాడు?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఊపు ఉంది, యేసంటే నీకెంత ప్రేమో ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ మొదటి లైన్లోనే "యేసు చట్టాలన్నీ తెంచేసిన విప్లవకారుడు" అని రాసేశావు, ఇక మిగతా పేజీలన్నీ ఆ ఒక్క మాటను నిలబెట్టడానికే సరిపోయాయి. సువార్తలు అంత తేలిగ్గా లొంగవు.

మార్కు సువార్త మొదటి అధ్యాయం చివర్లో కుష్ఠరోగి ఉన్నాడు కదా, ఆ కథను నువ్వు సగంలో ఆపేశావు. యేసు చెయ్యి చాపి ముట్టుకున్నాడు, కట్టుబాటు తెగింది, అంతే. కానీ వెంటనే ఆయన ఏమన్నాడు? వెళ్ళి యాజకుడికి కనబడు, మోషే చెప్పిన కానుక అర్పించు అన్నాడు. ఆ కానుక సంగతి మోషే ధర్మశాస్త్రంలోని లేవీయకాండం 14లో ఉంది: రెండు పక్షులు, దేవదారు కర్ర, ఎర్ర నూలు, హిస్సోపు అనే మొక్క, ఆ తర్వాత ఏడు రోజులు ఆగి ఎనిమిదో రోజు అర్పణలు. ఇంత తతంగం వైపు ఆయన ఎందుకు పంపాడో ఆలోచించావా? ఒంటి మీద మచ్చ పోయినంత మాత్రాన ఆ మనిషికి ఇల్లు తిరిగి రాదు. అంతకు ముందు అధ్యాయం అతన్ని "అపవిత్రుణ్ణి, అపవిత్రుణ్ణి" అని కేకలు వేస్తూ పాళెం బయట ఒంటరిగా ఉండమంటుంది, యాజకుడు శుద్ధుడివి అని పలికితేనే మళ్ళీ నలుగురిలోకి రానిస్తుంది. ముట్టుకోవడానికి వెనకాడనివాడే అతన్ని ఆ మోషే ధర్మశాస్త్రం దారిలోనే ఇంటికి పంపుతున్నాడు. ఈ రెండూ కలిసి ఉన్నచోటే నీ వ్యాసం మొదలవ్వాలని నా కోరిక.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. కుష్ఠరోగికి అంటిన ఆ అపవిత్రతను, ఆ మైలను నువ్వు మన అంటరానితనంతో సమానం చేసేశావు. మన పల్లెల్లో ఆ అవమానం మోసినవాళ్ళు ఈ కథలో తమను చూసుకోవడం నిజం, దాన్ని రాయి, తప్పకుండా రాయి. కానీ లేవీయకాండపు మైల పుట్టుకతో వచ్చేది కాదు, బిడ్డను కన్నా, శవాన్ని ముట్టుకున్నా ఎవరికైనా వచ్చేది, కడుక్కుని గడువు దాటితే పోయేది. అది నేరమూ కాదు. కులం అలా పోదు. ఈ తేడా చెప్పకపోతే రెండు బాధలకూ అన్యాయం చేసినట్టే.

యూదులు వారానికొకసారి పనులు మానే విశ్రాంతి దినం గురించి రాసిన భాగంలో, ఆ రోజున చేలో వెన్నులు తుంచిన యేసు శిష్యులను దొంగలన్నట్టు రాశావు. ద్వితీయోపదేశకాండం 23 చివర చూడు, పొరుగువాడి చేలో చేత్తో వెన్నులు తుంచుకోవచ్చు, కొడవలి మాత్రం వెయ్యకూడదు. అక్కడ గొడవ దొంగతనం గురించి కాదు, ఆ రోజున తుంచితే అది కోత పని కిందికి వస్తుందా అని.

నువ్వు అసలు పట్టించుకోని కథ లూకా 13లో ఉంది. పద్దెనిమిదేళ్ళుగా నడుము వంగిపోయిన స్త్రీని యేసు విశ్రాంతి దినాన సమాజమందిరంలో, అంటే యూదుల ప్రార్థన మందిరంలో, బాగుచేశాడు. సమాజమందిరపు అధికారి మాట వినడానికి సబబుగానే ఉంటుంది: పని చెయ్యడానికి ఆరు రోజులున్నాయి, ఆ రోజుల్లో వచ్చి బాగుపడండి. ప్రాణం మీదికి వస్తే విశ్రాంతి దినాన్ని పక్కన పెట్టవచ్చని యూదు పండితులు కూడా చెప్పారు, అది వాళ్ళ పాత ధర్మ నియమాల సంకలనమైన మిష్నాలో ఉంది. కానీ ఈమెకు ప్రాణాపాయం లేదు, పద్దెనిమిదేళ్ళు ఆగింది, ఇంకొక్క రోజు ఆగలేదా? అధికారి పక్షాన నిలబడి ఆ ప్రశ్నను నిజాయితీగా అడుగు, అప్పుడే జవాబు బరువు పాఠకుడికి తగులుతుంది. యేసు విశ్రాంతి దినాన్ని కొట్టెయ్యలేదు. ఆ రోజున మీరు ఎద్దును విప్పి నీళ్ళకు తోలుకెళ్తారు కదా, అబ్రాహాము కూతురైన ఈమె కట్లు విప్పకూడదా అన్నాడు. వాళ్ళ ఇళ్ళలో, వాళ్ళ గాడి దగ్గర రోజూ జరిగే పనినే వాళ్ళ ముందు పెట్టాడు.

ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే యూదు వర్గం పరిసయ్యులను మాత్రం అట్టముక్క బొమ్మల్లా నిలబెట్టకు. హేరోదు నిన్ను చంపాలనుకుంటున్నాడు, ఇక్కణ్ణుంచి వెళ్ళిపో అని యేసును హెచ్చరించింది కొందరు పరిసయ్యులే, అదే లూకా 13 చివర్లో. ఆయన వాళ్ళ ఇళ్ళలో భోజనం చేశాడు. ఆయనా యూదుడే, ఆ వాదాలన్నీ ఒకే ఇంటివాళ్ళ మధ్య నడిచినవి. ఆ సంగతి మర్చిపోయిన క్రైస్తవ బోధ ఐరోపాలో యూదులకు శతాబ్దాల పాటు ఎంత కీడు చేసిందో నీకు తెలుసు. కలం పట్టుకున్నప్పుడు నాకు అది ఎప్పుడూ భయమే.

విడాకుల మాట కూడా వదిలేశావు, నీ మొదటి లైనుకు అది అడ్డం వస్తుందని కాబోలు. మోషే పరిత్యాగ పత్రానికి, అంటే విడాకుల కాగితానికి, ఒప్పుకున్నది మీ హృదయ కాఠిన్యం వల్లే అని మార్కు 10లో యేసు ఇంకా గట్టిగా బిగిస్తాడు. ఒకచోట విప్పుతాడు, ఇంకోచోట బిగిస్తాడు. నీకు కుదరని వాక్యాన్ని దాచెయ్యకు, దాన్నే ముందు పెట్టుకుని కూర్చో, రెండు రోజులు పట్టినా ఫర్వాలేదు.

మళ్ళీ రాసేటప్పుడు కుష్ఠరోగి కథను ఆఖరి వాక్యం దాకా చదువు. ఆ మనిషి ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడు, దాంతో యేసు బాహాటంగా ఏ ఊళ్ళోకీ వెళ్ళలేక బయట అరణ్య స్థలాల్లో ఉండిపోయాడు. నిన్నటి దాకా బయట ఉన్నది ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకుని ఆ పేరా మొదలుపెట్టు. రాశాక ముందు నాకే పంపు.

నీ అన్న