ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 ఉన్నా సిగ్నల్ ఎందుకు వెళ్లడం లేదు?

ప్రశ్న: 7.1 మెగాహెర్ట్జ్ కోసం రెండున్నర మీటర్ల నిలువు యాంటెనాను, అడుగున లోడింగ్ కాయిల్ పెట్టి, సొంతంగా తయారు చేసుకున్నాను. అడుగునే కొలిస్తే అనలైజర్ 50 ఓమ్‌లు, ఎస్‌డబ్ల్యూఆర్ (కేబుల్‌కూ యాంటెనాకూ ఎంత బాగా జత కుదిరిందో చెప్పే నిష్పత్తి) 1:1 చూపిస్తోంది. యాంటెనాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే నెక్-2 ప్రోగ్రాములో మోడల్ చేస్తే మాత్రం 1.4 ఓమ్‌లే వస్తోంది. పైగా నా సిగ్నల్ ఎవరికీ సరిగా వినబడడం లేదు. మోడల్‌లో తప్పెక్కడుంది?

జవాబు: మీ మోడల్‌లో తప్పు లేదు, లోటు ఉంది. నేలను సంపూర్ణ వాహకంగా, కాయిల్‌ను నష్టమే లేనిదిగా తీసుకొని ఉంటారు. అప్పుడు మిగిలేది రేడియేషన్ రెసిస్టెన్స్, అంటే తరంగాలుగా వెళ్లే శక్తికి లెక్కైన నిరోధం ఒక్కటే. పొట్టి నిలువు యాంటెనా ఎత్తును తరంగదైర్ఘ్యంతో భాగించి, ఆ భాగఫలం వర్గాన్ని 395తో హెచ్చవేస్తే ఆ విలువ సుమారుగా తెలుస్తుంది. ఇక్కడ తరంగదైర్ఘ్యం 42 మీటర్లకు కొంచెం పైన కనుక మీ 1.4 సరైనదే. కేబుల్ పైతొడుగు మీద కరెంటు పారడం లేదనుకుంటే, అనలైజర్ చూపిన 50లో తక్కిన 48.6 ఓమ్‌లు కాయిల్‌లోనూ నేలలోనూ వేడిగా పోతున్న శక్తికి లెక్క. అంటే సామర్థ్యం మూడు శాతం కూడా లేదు. 100 వాట్లు పంపితే తరంగాలుగా వెళ్లేది మూడు వాట్ల లోపే. ఎస్‌డబ్ల్యూఆర్‌దేముంది, శక్తినంతా వేడిగా మార్చేసే డమ్మీ లోడ్ కూడా 1:1 చూపిస్తుంది.

ఇక మోడల్‌ను సరిచేయడం. రాడ్డు మందం ఆరు మిల్లీమీటర్లయితే కాయిల్‌కు దాదాపు 880 ఓమ్‌ల రియాక్టెన్స్ (ఏసీ కరెంటును శక్తి నష్టం లేకుండా అడ్డుకునే గుణం) కావాలి. దాని క్యూ విలువ (రియాక్టెన్స్‌కూ నష్ట నిరోధానికీ ఉన్న నిష్పత్తి) 200 అనుకుంటే 4.4 ఓమ్‌ల నష్ట నిరోధం వస్తుంది కనుక దాన్నీ మోడల్‌లో కాయిల్‌కు ఇచ్చే లోడ్‌లో చేర్చండి. నేలకు, దాని నష్టాన్నీ లెక్కలోకి తీసుకునే సోమర్‌ఫెల్డ్-నార్టన్ పద్ధతిని ఎంచుకోండి. పాతిపెట్టిన తీగలను నెక్-2 లెక్కించలేదు కాబట్టి రేడియల్స్‌ను (యాంటెనా అడుగు నుంచి చుట్టూ పరిచే తీగలను) నేలకు కొన్ని సెంటీమీటర్ల పైన ఉన్నట్టు చూపించాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇంకొక చోట: ఆ ప్రోగ్రాము ‘సామర్థ్యం’ అని ముద్రించే అంకెలో తీగల, లోడ్‌ల నష్టమే ఉంటుంది, నేల మింగే శక్తి ఉండదు. రెండూ కలిసిన లెక్క కావాలంటే సగటు గెయిన్‌ను, అంటే అన్ని దిక్కులకూ వెళ్లే శక్తి సగటును చూడాలి.

యాంటెనా దగ్గర చేయవలసింది రేడియల్స్ పెంచడమే. నేల నష్టం 10 ఓమ్‌లకు దిగితే మొత్తం నిరోధం 16 ఓమ్‌లకు చేరుతుంది, ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం 3:1 దాటుతుంది. కంగారు పడకండి, సామర్థ్యం అప్పుడు తొమ్మిది శాతానికి, అంటే మూడింతలకు పెరిగినట్టు. మ్యాచింగ్ కోసం అడుగున సమాంతరంగా కలిపే చిన్న షంట్ కాయిల్ సరిపోతుంది. కేబుల్‌కు, పైతొడుగు మీది కరెంటును ఆపే ఫెర్రైట్ చోక్ తగిలించాకే మళ్లీ కొలవండి.