మొదటి పాఠానికి ముందు

చిట్టితల్లీ,

నీకు జీవశాస్త్రం టీచరుగా ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోను చేసినప్పటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. మొదటి పాఠమే కిరణజన్య సంయోగక్రియ, ఆ వెంటనే శ్వాసక్రియ అన్నాడు. అక్కడ గుబులు మొదలైంది.

ఆకులో పిండిపదార్థం ఉందో లేదో చూసే ప్రయోగంలో, ఆకును ఉడికించే స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెట్టకు, అంటుకుంటుంది; వేడినీళ్ల గిన్నెలో దించు. అది నీకు తెలిసిందే. నా భయం వేరు.

ఉద్యోగంలో చేరిన ఏడాది నేను బోర్డు మీద రెండు గళ్లు గీసి, పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ అని రాశాను. వెనక బల్ల అమ్మాయి చెయ్యెత్తింది. "టీచర్, మా మిరపచేలో వాననీళ్లు నిలిచి పట్టపగలే మొక్కలు వాడిపోయాయి. వేళ్లకు ఊపిరాడలేదన్నాడు నాన్న. మరి పగలు కూడా ఊపిరి పీలుస్తాయా?" పుస్తకంలో ఉన్నది చదువు, కూర్చో అన్నాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తలేదు.

ఆ రైతు చెప్పిందే నిజం. మట్టి సందుల్లో గాలికి బదులు నీరు చేరితే వేరు కణాలకు ఆక్సిజన్ అందదు, శక్తి చాలదు. నీళ్లలో నిలబడి కూడా మొక్క నీరు తాగలేకపోతుంది. వరికైతే కాండంలో గాలిదారులున్నాయి కనుక తట్టుకుంటుంది. ఆకు కూడా పగలు చక్కెర తయారుచేస్తూనే కొంత శ్వాసక్రియకు ఖర్చు పెడుతుంది. మంచి ఎండలో తయారీదే పైచేయి కనుక ఆక్సిజనే బయటికొస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు తల్లీ. గంట కొట్టేలోపు పాఠం ముగించాలన్న తొందరలో ఒక పిల్ల నోరు మూయించాను. నువ్వు ఆ పని చేశావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

శ్వాసక్రియను చూపించడానికి రెండు థర్మాస్ ఫ్లాస్కులు తీసుకో. ఒకదానిలో మొలకెత్తిన పెసలు, రెండోదానిలో ఉడికించి చల్లార్చినవి. కుళ్లి వేడెక్కకుండా రెండింటినీ క్రిమిసంహారక ద్రావణంతో కడుగు. థర్మామీటరు దించి మూతిని దూదితో బిగించు. మర్నాడు మొలకల ఫ్లాస్కులో పాదరసం పైకెక్కి ఉంటుంది. పిల్లలనే చూసి చెప్పమను. గ్లూకోజులోని శక్తి అంతా, కణం తన పనులకు వాడుకునే శక్తి పదార్థమైన ఏటీపీలోకి చేరదని, మిగిలింది వేడిగా పోతుందని అప్పుడు చెప్పు.

ఏటీపీని మూడు అక్షరాలుగా వదిలేయకు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1929లో దాన్ని కండరం నుంచి వేరుచేసిన సంగతి చెప్పు. ఆ పేరు చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

నా పాత ఫ్లాస్కు, మొలకలు కట్టే గుడ్డ పంపుతున్నాను. సరిగ్గా తిని వెళ్లు. మొదటిరోజు ఎవరు చెయ్యెత్తారో, ఏమడిగారో రాత్రికి ఫోను చెయ్యి.

నీ మేనత్త