డాక్టర్ సలహా: మొలలేనని మందు వాడుతూ కూర్చోకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 69 ఏళ్లు. టెక్సాస్‌లో మా దగ్గరే ఉంటుంది. గ్రీన్‌కార్డు మీద ఐదేళ్లు దాటాక నిరుడు మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) తీసుకున్నాం. పక్కింటావిడదీ అదే వయసు, అదే మెడికేర్. ఆవిడ క్యాన్సర్ స్క్రీనింగ్‌లన్నీ టైముకి చేయించుకుంటుంది. మాకు తెలిసిన తెలుగు పెద్దవాళ్లలో చేయించుకునేవారు తక్కువ. అమ్మకు మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎక్స్‌రే) అవసరమా? చేతి డబ్బు పడుతుందా? అన్నట్టు, అమ్మకు మొలలున్నాయి. మూడు నెలలుగా అప్పుడప్పుడు రక్తం పడుతోంది, ఇండియా నుంచి తెచ్చిన మందుతో తగ్గుతోంది. ఈమధ్య కాస్త నీరసంగా ఉంటోంది.

జవాబు: మామోగ్రామ్ సంగతి తర్వాత. మీరు ‘అన్నట్టు’ అని చివర్లో రాసిందే నన్ను కంగారు పెట్టింది. ఈ వయసులో మూడు నెలలుగా రక్తం పడటం, దానికి తోడు నీరసం. మొలలే కావచ్చు. కానీ చూడకుండా ఆ మాట నేను చెప్పలేను, మీరూ అనుకోకూడదు. మొలలున్నంత మాత్రాన పెద్దపేగు క్యాన్సర్ రాదని లేదు. పేగులో కణితి ఉన్నా రక్తం రోజూ పడదు, ఆగి ఆగి పడుతుంది. ఆగినప్పుడల్లా మందు పనిచేసిందని సంబరపడతాం. అలా నెలలు గడిచిపోతాయి. మూడు నెలలు ఆగకుండా ఉండాల్సింది.

ఈ వారంలోనే ప్రైమరీ కేర్ డాక్టర్‌కి చూపించండి. ఒంట్లో రక్తం తగ్గిందేమో తెలియడానికి సీబీసీ (రక్తకణాల లెక్క), ఐరన్ పరీక్షలు చేస్తారు. కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, అవసరమని చెప్పే అవకాశం ఎక్కువ. ఇంటికి పంపే స్టూల్ కిట్‌తో (మలం పరీక్షతో) సరిపెట్టొద్దు, అది ఏ లక్షణాలూ లేనివారికి. మలం నల్లగా వచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా, కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక ఖర్చు. లక్షణాలు లేకుండా చేసేది స్క్రీనింగ్, లక్షణం ఉండి చేసేది డయాగ్నస్టిక్. మీ అమ్మగారిది రెండోది. మెడికేర్‌లో డాక్టర్ ఖర్చులు చూసే పార్ట్ బీలో, ముందుగా మీరు కట్టాల్సిన డిడక్టిబుల్ పోగా సాధారణంగా 20 శాతం మీరు కట్టాలి. మిగిలిన ఖర్చు భరించే సప్లిమెంట్ బీమా ఉన్నా, ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ అయినా లెక్క మారుతుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. డబ్బు కలిసొస్తుందని రక్తం సంగతి మాత్రం దాచకండి.

స్క్రీనింగ్ మామోగ్రామ్ ఏడాదికొకటి మెడికేర్‌లో ఉచితం, డాక్టర్ మెడికేర్ రేటుకు ఒప్పుకుంటే చాలు. 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి చేయించాలన్నది అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం సలహా. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే పాప్ పరీక్ష గురించి మీరు అడగలేదు. 65 దాటితే అక్కర్లేదన్న మాట అంతకుముందు వరుసగా చేయించుకుని, అన్నీ నార్మల్‌గా వచ్చినవారికే. మీ అమ్మగారు ఎప్పుడూ చేయించుకోకపోతే ఆవిడకు అది వర్తించదు. గర్భసంచి ముఖద్వారంతో సహా తీసేసి ఉంటే, దేనికి తీశారో డాక్టర్‌కి చెప్పండి.

కార్డు ఒకటే అయినా పక్కింటావిడకీ మీ అమ్మగారికీ ఇంత తేడా ఎందుకంటే, ఆవిడకు ఏళ్లుగా ఒకే డాక్టర్ ఉండి ఉంటారు, టైముకి గుర్తుచేస్తారు. కొత్తగా వచ్చినవారికి, ఇంగ్లిష్ అంతగా రానివారికి, కారు కోసం పిల్లల మీద ఆధారపడేవారికి ఆ వెసులుబాటు లేదు. ఇంకోటి నేను తరచూ చూస్తుంటాను. డాక్టర్ మలవిసర్జన గురించి అడుగుతారు. కొడుకు ఇబ్బంది పడుతూ ‘మోషన్ బాగానే అవుతోందా అమ్మా’ అంటాడు. ఆవిడ చీర కొంగు సర్దుకుని తలూపుతుంది. చార్టులో ‘నార్మల్’ అని పడుతుంది. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, ఫోన్‌లోనైనా ఏర్పాటు చేయమనండి. డాక్టర్ లోపల అమ్మగారితో మాట్లాడేటప్పుడు కాసేపు మీరు బయట కూర్చోండి.

వెళ్లేటప్పుడు ఆ ఇండియా మందు డబ్బాతో సహా తీసుకెళ్లండి. కొన్నిట్లో ఏముందో లేబుల్ మీద ఉండదు. నొప్పి మాత్రలు, ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు వాడుతుంటే అవీ చెప్పాలి, కానీ డాక్టర్ని అడక్కుండా దేన్నీ మీరే ఆపేయకండి. తోబుట్టువులకో అమ్మానాన్నలకో పేగు క్యాన్సర్ వచ్చిందేమో అమ్మగారిని ఇవాళే అడిగి రాసిపెట్టుకోండి. ఇది మనిషిని చూడకుండా రాసిన జవాబు, ఆఖరి మాట పరీక్షించిన డాక్టర్‌దే.