పెట్రోలు ధర తగ్గేదాకా ఆగాలా?

ప్రశ్న: మాది ఘట్‌కేసర్. రోజూ బైకు మీద హైటెక్ సిటీకి వెళ్లొస్తాను, రానూపోనూ 80 కిలోమీటర్లు. నెలకు 44 లీటర్లు, లీటరు రూ.107 చొప్పున రూ.4,700 అవుతోంది. జీతం చాలని నెలల్లో పెట్రోలు క్రెడిట్ కార్డు మీద కొట్టిస్తున్నాను. బాకీ రూ.30,000కు చేరింది, నెలకు రూ.1,500 మినిమమ్ కడుతున్నాను. మా ఆవిడ ఉప్పల్‌లో స్కూల్లో పనిచేస్తుంది. తన ఆధార్‌లో ఇంకా గుంటూరు అడ్రసే ఉండడంతో ఉచిత ప్రయాణం కుదరక, బస్సుకు నెలకు రూ.1,200 పెట్టాల్సి వస్తోంది. ప్రభుత్వం పన్ను తగ్గించేదాకా ఆగమంటారా, లోన్ మీద ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేయమంటారా?

జవాబు: రెండూ వద్దు. ముందు కార్డు సంగతి చూద్దాం.

2022 మేలో కేంద్రం ఎక్సైజ్ సుంకం రూ.8 తగ్గిస్తే, హైదరాబాద్‌లో లీటరు రూ.119.49 నుంచి రూ.109.66కి దిగింది. అంత పెద్ద తగ్గింపు మళ్లీ వచ్చినా మీకు నెలకు మిగిలేది రూ.430. పైగా తగ్గింపు మనదాకా వస్తుందన్న నమ్మకం లేదు. 2021 నవంబరులో చాలా రాష్ట్రాలు పెట్రోలు మీద తాము వేసే పన్ను, అంటే వ్యాట్, తగ్గించాయి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తగ్గించలేదు. 2025 ఏప్రిల్‌లో ముడిచమురు చవకైనప్పుడు కేంద్రం ఎక్సైజ్ రూ.2 పెంచుకుంది, బంకులో ధర కదల్లేదు.

ఇక మీ కార్డు. చాలా కార్డుల్లాగే నెలకు 3.5 శాతం అనుకుంటే వడ్డీ రూ.1,050, దాని మీద జీఎస్టీ రూ.189. మీరు కట్టే రూ.1,500లో అసలుకు చేరేది రూ.260 మాత్రమే. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొట్టించే పెట్రోలుకు వడ్డీ లేని గడువు కూడా ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ రోజు నుంచే పెట్రోలుకు కార్డు వాడకం ఆపేయండి.

మీ ఆవిడ విషయంలో ప్రభుత్వ సాయం ఇప్పటికే ఉంది, మీరు అందుకోవడమే ఆలస్యం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. స్థానికురాలని చూపే గుర్తింపు కార్డు కావాలి, అంతే. మ్యారేజ్ సర్టిఫికెట్ లాంటి బంధుత్వ రుజువు ఉంటే, కుటుంబ పెద్దగా మీ ఆధార్ ఆధారంగా ఆమె అడ్రసు ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. ఈ వారమే అప్లై చేయండి.

మీకు మెట్రో రైలు కలిసిరాదు. 2025 మేలో పెంచాక గరిష్ఠ చార్జీ రూ.69. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ పక్కనున్న రాయదుర్గం స్టేషన్‌కు దాదాపు అంతా పడుతుంది. రానూపోనూ 25 రోజులకు రూ.3,450, ఉప్పల్ దాకా బైకు పెట్రోలు రూ.1,800 కలిపితే ఇప్పటికన్నా ఎక్కువే. మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్ పాస్ అయితే 2025 జూన్‌లో పెంచాక నెలకు రూ.1,600. ఉప్పల్‌లో బైకు పెట్టి బస్సెక్కితే మొత్తం రూ.3,400, అంటే రూ.1,300 మిగులు. పాస్ ఘట్‌కేసర్ దాకా చెల్లుతుందేమో కౌంటర్‌లో అడగండి, చెల్లితే బైకు ఇంట్లోనే ఉంటుంది. ఊరి చివర నుంచి వచ్చే చిన్న జీతగాళ్లకు ఆ పాస్ ధర పెంచడం నాకు న్యాయంగా అనిపించలేదు. అయినా ఉన్నవాటిలో మీకు చవకైన దారి అదే. ప్రయాణానికి టైమ్ ఎక్కువ పడుతుంది, అలసట కూడా ఉంటుంది. కానీ ఎల్లకాలం కాదు.

ఆవిడ రూ.1,200, మీ రూ.1,300, ఇప్పుడు కట్టే రూ.1,500, మొత్తం రూ.4,000 నెలనెలా కార్డుకే కట్టండి. తొమ్మిది, పది నెలల్లో బాకీ తీరుతుంది. బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐలోకి మారుస్తారేమో బ్యాంకును అడగండి, ఇంకా ముందే తీరొచ్చు.

స్కూటర్ ఆలోచన ఆ తర్వాత. రూ.లక్ష లోన్, 11 శాతం వడ్డీ, మూడేళ్లకైతే ఈఎంఐ రూ.3,270. చార్జింగ్ రూ.500 వేసుకున్నా పెట్రోలు కన్నా చవకే, కానీ డౌన్ పేమెంట్ కూడా కార్డు మీద గీకితే మళ్లీ మొదటికొస్తారు. ఎలక్ట్రిక్ బండ్లకు తెలంగాణ ఇచ్చిన రోడ్డు ట్యాక్స్ మినహాయింపు 2026 డిసెంబరు 31తో ముగుస్తుందని తొందరపడకండి. కొనేటప్పుడు మాత్రం, ఒక్క చార్జింగ్‌తో ఫ్లైఓవర్లెక్కుతూ, ట్రాఫిక్‌లో ఆగుతూ 80 కిలోమీటర్లు నిజంగా వస్తుందో లేదో, అదే మోడల్ నడిపేవాళ్లను అడిగి తెలుసుకోండి.