ఏ ఊరు వెళ్ళాలో తేల్చుకునే ముందు

జయనగర్, బెంగళూరు

చి. సౌ. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

ఊటీ, కూర్గ్, గోకర్ణ మూడింటికీ నువ్వు వేసి పంపిన ఖర్చుల పట్టిక చూశాను. నువ్వు, అల్లుడు, మీ అత్తగారు, నాలుగేళ్ళ చింటూ. మూడు రోజులు, 40 వేల రూపాయలు. గోకర్ణ అన్నిటికన్నా చవగ్గా తేలింది కాబట్టి అటు మొగ్గుతున్నావు. కానీ నీ పట్టికలో టికెట్లు, గది అద్దె, భోజనం మాత్రమే ఉన్నాయమ్మా. స్టేషను నుంచి గదికి ఎంతవుతుంది, గది నుంచి చూసే చోట్లకి రోజూ ఎంత తిరగాలి, రాత్రంతా ప్రయాణం చేసి దిగాక నిద్రలో పోయే పూట ఎంత, ఆస్పత్రి ఎంత దూరం అన్నవి రాయలేదు. ఊరికీ ఊరికీ అసలు తేడా అక్కడే వస్తుంది.

నలుగురిలో ఎవరికి ఎక్కువ కష్టమో వాళ్ళని బట్టి ఊరిని ఎంచుకోవాలి. మీ ఇంట్లో అది మీ అత్తగారు. మోకాళ్ళ నొప్పులు ఒకటి, గుండెకి స్టెంట్ వేయించుకుని ఎన్నాళ్ళో కాలేదు. గోకర్ణలో గుడి దగ్గరి బీచ్ సరే గానీ, అందరూ చెప్పే ఓం బీచ్‌కి మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. కూర్గ్‌లో మడికేరి దగ్గరి అబ్బీ జలపాతం కూడా అంతే. ఆవిడ కారులో కూర్చుని మీకోసం ఎదురుచూడాల్సిన చోట్లు కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టు. సగం జాబితా పోతే ఆ ఊరు మీకు చవక కాదు.

గోకర్ణ మీద నా అభ్యంతరం మెట్లొక్కటే కాదు. గోకర్ణ ఉన్న ఉత్తర కన్నడ జిల్లాలో పెద్ద గుండె ఆస్పత్రి కావాలని అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. ఏదైనా పెద్ద సమస్య వస్తే మణిపాల్ వైపు పరుగెత్తాలి, అది 150 కిలోమీటర్ల పైమాటే. నువ్వూ అల్లుడూ ఇద్దరే అయితే నిశ్చింతగా వెళ్ళండి అనేవాణ్ణి. స్టెంట్ ఉన్న మనిషితో వెళ్ళేటప్పుడు మాత్రం గంటలోపు చేరగల, రాత్రి కూడా డాక్టరుండే ఆస్పత్రి పేరు, ఫోన్ నంబరు ముందే కాగితం మీద ఉండాలి. అలాంటిది దొరకని ఊరిని ధర చూడకుండానే పక్కన పెట్టు.

ఊటీ సంగతి వేరు. అక్కడ ఆస్పత్రులున్నాయి, ఇబ్బందంతా దారితోనే. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరదామని రాశావు. వైట్‌ఫీల్డ్ నుంచి సాయంత్రం 4కి కదిలినా ఊరు దాటేసరికే రెండు గంటలు పడుతుంది. ఊటీ దారిలో బందీపుర అడవి గేటు రాత్రి 9కి మూస్తే మళ్ళీ పొద్దున 6కే తీస్తారు. అంబులెన్సులు, కొద్దిపాటి ప్రభుత్వ బస్సులు తప్ప ఎవరినీ వదలరు. ఆ గేటు అందుకోవాలన్న తొందరలోనే గుండ్లుపేట రోడ్డు మీద డ్రైవర్లు అతివేగంగా పోతారు. అటు కాదని సత్యమంగళం మీదుగా వెళ్దామంటే దింబం ఘాట్‌లో 27 మలుపులు, అక్కడా రాత్రి నిషేధమే. మసినగుడి నుంచి కల్హట్టి దారి దగ్గరని ఎవరైనా చెబితే వినకు. 36 హెయిర్‌పిన్ మలుపుల నిటారు దారి అది, చింటూకి వాంతులు ఖాయం. ఊటీకే అయితే గూడలూరు మీదుగా, పగటిపూట వెళ్ళాలి. 2024 మే నుంచి ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకి వచ్చే బయటి వాహనాలకి ఈ-పాస్ ఉండాలి, బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఇవన్నీ కలిపితే వెళ్ళడానికి ఒక పగలు, రావడానికి ఒక పగలు పోయి, మూడు రోజుల్లో ఊటీలో ఉండేది ఒక్క రోజే.

అందుకని నా మాట కూర్గే, అదీ మడికేరిలో కాకుండా కుశాలనగరలో. కుశాలనగర కొండ కిందే ఉంది, మడికేరి అక్కడినుంచి 30 కిలోమీటర్ల ఎక్కుడు దారి. బైలకుప్పె బంగారు గుడి, దుబారె ఏనుగుల శిబిరం, నిసర్గధామ అన్నీ కుశాలనగర చుట్టుపక్కలే. దారి చదునుగా ఉంటుంది, మీ అత్తగారు కూడా అన్నీ చూస్తారు. మడికేరి చూడాలనుంటే ఒక్క పూట పైకి వెళ్ళి చీకటి పడకముందే దిగిపోండి.

బెంగళూరు నుంచి మైసూరు దాకా రైల్లో వెళ్ళండి. వైట్‌ఫీల్డ్‌లో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా సిటీ స్టేషన్ దగ్గర దిగొచ్చు. అక్కడి నుంచి మైసూరుకి రెండు మూడు గంటలు. మొదటి రాత్రి మైసూరులో ఉండి, పొద్దున్నే టాక్సీ మాట్లాడుకుంటే కుశాలనగర రెండు గంటల దారి. శుక్రవారం సాయంత్రపు జామ్ తప్పుతుంది, కారు బాడుగలో ఒక రోజు తగ్గుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. టికెట్ తీసేటప్పుడు బీమా గడిలో టిక్ పెట్టు, మనిషికి రూపాయి కూడా కాదు. తర్వాత మెయిల్‌కి వచ్చే లింకులో నామినీ పేరు నింపడం మరచిపోకు, చాలామంది అక్కడే ఆపేస్తారు.

గది విషయంలో ఊరికి దూరంగా ఉన్న హోమ్‌స్టే 2,000 అని మురిసిపోయావు. ఊళ్ళో గది 3,200 అనుకుందాం. రెండు రాత్రులకి తేడా 2,400. ఆ హోమ్‌స్టే ఊరికి 9 కిలోమీటర్లయితే భోజనానికీ మందులకీ రోజుకి రెండుసార్లు బండి కావాలి, రోజుకి వెయ్యి చొప్పున రెండు వేలు అక్కడే పోయాయి. మిగిలిన 400 కోసం చీకట్లో ఎస్టేటు దారిలో తిరగడం ఎందుకు? డబ్బు కట్టే ముందు రిసెప్షన్‌కి నువ్వే ఫోన్ చేసి అడుగు: కారు ఆగే చోటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, కరెంటు పోతే లిఫ్ట్ నడుస్తుందా, వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయి. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్, గాలి పోయే కిటికీ లేకపోవడం రెండూ కలిసి ఉంటే ఆ గది వద్దు. చలిగా ఉందని బొగ్గుల కుంపటి తెచ్చిస్తామంటే గదిలోకి రానివ్వకు. తలుపులు మూసిన గదిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

టాక్సీకి పసుపు నంబర్ ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు బండి కాస్త తక్కువకి వస్తుంది గానీ, ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో పేచీ తప్పదు. టైరు పక్కన నాలుగంకెలు చూడు. 2323 అంటే 2023లో 23వ వారంలో తయారైంది. ఆరేళ్ళు దాటిన టైరుతో ఘాట్ ఎక్కొద్దు. వెనక సీటు బెల్టు బకిల్ చాలా బళ్ళలో సీటు కవరు కిందికి పోతుంది, బయటికి తీయించాకే కూర్చోండి. చింటూని ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడో అడుగు. బత్తా ఇచ్చేశాం కదా అని వదిలేస్తే అతను కారులోనే ముడుచుకుని పడుకుంటాడు, మర్నాడు ఘాట్‌లో కునుకు తీస్తాడు. అతనికో మంచం ఇప్పించడానికయ్యే కొద్దిపాటి ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

రాత్రి స్లీపర్ బస్సు ఆలోచన పూర్తిగా మానెయ్. 2013 అక్టోబరులో బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సు పాలెం దగ్గర కాలిపోయి 45 మంది పోయారు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర మళ్ళీ అదే జరిగింది. సన్నటి నడవలో, పరదాల మధ్య, మోకాళ్ళ నొప్పులున్న మనిషి పై బెర్తు నుంచి ఎంత వేగంగా దిగగలరు?

అల్లుడు జులైకి వాయిదా వేద్దామంటున్నాడట, రేట్లు సగమని. సగం ఎందుకయ్యాయో చూడాలి కదా. 2018 ఆగస్టులో కొడగులో, అంటే ఈ కూర్గ్‌లోనే, కొండచరియలు విరిగిపడ్డాయి, 2024 జులై 30న వయనాడులో ముండక్కై, చూరల్‌మల ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. రేటు తగ్గాలంటే నెల కాదు, వారం మార్చండి. డిసెంబరు రెండో వారంలో ఆదివారం సాయంత్రం బయల్దేరి బుధవారం రండి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే ధరల కంటే బాగా తగ్గుతుంది, రోడ్లూ ఖాళీగా ఉంటాయి. చింటూ ఎల్‌కేజీకి మూడు రోజులు మానితే ఏమీ కాదు. మొదటి పూటకి పులిహోర కట్టుకెళ్ళండి. ఘాట్ ఎక్కే ముందు వాడికి పాలు పట్టొద్దు, ఒక ఇడ్లీ చాలు. వాంతుల మందు మోతాదు మీ పిల్లల డాక్టరునే అడుగు.

40 వేలలో 5 వేలు దేనికీ కేటాయించకుండా విడిగా ఉంచు. మీ అత్తగారి మందులు రెండు పొట్లాలుగా చేసి ఒకటి నీ హ్యాండ్‌బ్యాగులో, ఒకటి ఆవిడ దగ్గర పెట్టు, మందుల చీటీ ఫోటో నీ ఫోన్‌లో ఉండాలి. కుశాలనగరలో గది చూశాక మెట్ల లెక్క, ఆస్పత్రి పేరు నాకు వాట్సాప్‌లో పంపు. అడ్వాన్సు ఆ తర్వాతే కట్టు.

పెదనాన్న