పెన్సిల్ పిడికిలితో పట్టుకునే పిల్లలకు పండగ పనులు

మీరు అడిగింది ఇదీ: బాబుకి నాలుగున్నరేళ్లు, పెన్సిల్‌ని పిడికిలి బిగించి పట్టుకుంటాడు, రెండు గీతలు గీయగానే చెయ్యి నొప్పంటాడు, బజారు కిట్లు కొనకుండా, ఏ పండక్కి తగ్గట్టు ఆ పండక్కి ఇంట్లోనే చేయించదగ్గవి ఏమున్నాయి అని.

చాలా ఉన్నాయండీ. ముందు కంగారు మానండి. మూడు వేళ్ల పట్టు చాలామందికి ఐదారేళ్ల మధ్యలోనే కుదురుతుంది. అలాగని పెన్సిల్ ఇంకో అరగంట ఎక్కువ పట్టిస్తే అది రాదు. అరచేతిలో బలం రావాలి, బొటనవేలూ చూపుడువేలూ కలిసి పనిచేయడం రావాలి. కాబట్టి ముందు పిసికే పని, తర్వాత గిల్లే పని, ఆ తర్వాత నలిపే పని. మన పండగలు ఈ వరసలో రావు గానీ మట్టికీ దూదికీ ముహూర్తం అక్కర్లేదు, ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు.

పిసకడానికి వినాయక చవితి మట్టిని మించింది లేదు. కుమ్మరుల దగ్గర బంకమట్టి దొరికితే సరే. లేదంటే చెరువుమట్టిని ఎండబెట్టి, దంచి, పిండిజల్లెడ పట్టండి. మూడు గ్లాసుల పొడికి సుమారు ఒక గ్లాసు నీళ్లు. కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా కలిపి, తడిగుడ్డ చుట్టి రాత్రంతా ఉంచాలి. మర్నాడు వేలితో నొక్కితే గుంట పడాలి, మట్టి వేలికి అంటకూడదు. అంటుతుంటే పొడి చల్లండి. అంచులు పగులుతుంటే చెయ్యి తడిచేసుకుని మళ్లీ పిసకాలి. ఈ పిసకడం మీరే చేసేసి మెత్తటి ముద్ద వాడి చేతికిస్తే అసలు పని మీరు చేసినట్టే.

పొట్టకి బత్తాయంత ఉండ, తలకి నిమ్మకాయంత ఉండ. తొండాన్ని పీటమీద దొర్లించాలి. పిల్లలు అరచేతిని ఒకేచోట పెట్టి నొక్కుతారు, అక్కడ సన్నబడి పుటుక్కున తెగుతుంది. వేళ్లకొసలతో మధ్యనుంచి చివరలకి జరుగుతూ దొర్లించమనండి. చెవులకి గోలీకాయంత ఉండని రెండు వేళ్ల మధ్య పెట్టి పలచగా నొక్కితే చాలు.

ఆరాక తొండం ఊడిపోతోందంటే నున్నటి మట్టికి నున్నటి మట్టి అతికించారన్నమాట. రెండువైపులా చీపురుపుల్లతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, జారుగా కలిపిన మట్టి రాసి అదమాలి. బొమ్మని నీడలోనే ఆరనివ్వండి. ఎండలో పెడితే పైపొర ముందే ఎండి కుంచించుకుపోతుంది, లోపల ఇంకా తడి ఉంటుంది, అందుకే బీటలు.

కళ్లకి గురివింద గింజలు పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. చిన్నపిల్లలున్న చోట అవి వద్దు, నమిలితే విషం. మిరియాలు చాలు. మూడేళ్లలోపు తమ్ముడో చెల్లో ఉంటే గింజల జోలికే పోకండి, ముక్కులో పెట్టుకుంటారు. పుల్లతో పొడిస్తే కళ్లు వచ్చేస్తాయి.

గిల్లే పనికి దసరా బంతిపూలు. సూదికి బదులు దారం కొసని రెండంగుళాల మేర మైదా జిగురులో ముంచి ఎండబెడితే పుల్లలా బిరుసెక్కుతుంది. గుచ్చాల్సింది రేకుల్లోంచి కాదు, కింద ఆకుపచ్చ గిన్నెలా ఉండే తొడిమలోంచి. అది గట్టిగా ఉంటే ముందు మీరు పుల్లతో బెజ్జం పెట్టివ్వండి. దారం మూరెడు చాలు, బారెడిస్తే చిక్కులు విప్పడంతోనే సరిపోతుంది. బతుకమ్మ పేర్చే ఇళ్లలోనైతే గునుగు కాడలన్నీ ఒకే పొడవుకి కత్తిరించే పని మొద్దుకొసల కత్తెరతో వీళ్లకే అప్పజెప్పొచ్చు. ఉగాదికి మామిడాకుని తాడుమీద మడిచి చీపురుపుల్ల ముక్కతో గుచ్చడం కూడా ఈ కోవలోదే. లేతాకు చిరిగిపోతుంది, ముదురాకులే ఇవ్వండి.

నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చేది కార్తీకమాసంలో చేసే పువ్వొత్తి. దీన్నెవరూ క్రాఫ్ట్ అనుకోరు, అందుకే పిల్లల చేత చేయించరు. ఉసిరికాయంత దూది తీసుకుని రూపాయి బిళ్లకి రెండింతల వెడల్పున పలచగా పరచాలి. మధ్యలో రెండు వేళ్లతో పట్టి పైకి లాగి, ఆ కొసని మూడు వేళ్లతో నలపాలి. రేపు పెన్సిల్ పట్టుకోవాల్సినవీ ఆ మూడు వేళ్లే.

దూది విడదీసేటప్పుడు "రావట్లేదు" అని పేచీ పెడతారు. పత్తి పోగు పొడవు సుమారు అంగుళం. రెండు చేతులూ అరంగుళం దూరంలో పట్టుకుంటే అవే పోగులు రెండు చేతుల్లోనూ బిగిసి ఉంటాయి, ఎంత లాగినా రావు. రెండంగుళాల ఎడం ఉంచితే పోగులు జారుకుంటూ హాయిగా విడిపోతాయి. మందులషాపు రోలు దూదీ పనికొస్తుంది. గింజతో ఉన్న పత్తి దొరికితే మరీ మంచిది, గింజ ఒలవడమే బోలెడు వేళ్ల పని.

వేళ్లు జారుతుంటే చిటికెడు విభూతి అద్దుకోమనండి. ఇక కొస విడిపోతోందంటే ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పేస్తున్నారని అర్థం. ఒకే వైపు నలపడం అలవాటు చేయాలి. ప్రమిదలో పెడితే వత్తి దానంతటదే నిలబడాలి. లావుగా వచ్చినా, వంకరగా వచ్చినా వాడి ముందు సరిచేయకండి. వెలిగించడం మాత్రం పెద్దవాళ్ల పని.

ఏ పనైనా ఒక విడత పదినిమిషాలు. వేళ్లు వదిలేసి అరచేత్తో నొక్కడం మొదలుపెట్టాడంటే అలిసిపోయాడు, ఆపేయండి. ఒక చెయ్యి అసలు వాడకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం లాంటివి కూడా రాకపోయినా ఓసారి పిల్లల డాక్టరుకి చూపించండి.

సంక్రాంతి ముగ్గుని ఆఖరికి ఉంచండి. పిండి సన్నగా వదలాలంటే బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా కదులుతూ ఉండాలి, అది కష్టమైన పని. ఉత్త బియ్యప్పిండి చెమట చేతికి ముద్దకడుతుంది, సగానికి సగం సన్నటి బియ్యపురవ్వ కలపండి. మొదట్లో చుక్కలు వద్దు. సుద్దముక్కతో మీరు గీసిన గీతమీద పిండి పోయమనండి.